పెదనాన్న చదవని పుస్తకం

హైదరాబాదులో చదువుకునే రోజుల్లో ఆదివారం పొద్దున్నే ఆబిడ్స్‌కి నడిచి వెళ్ళేవాళ్ళం. దుకాణాలన్నీ మూసి ఉంటాయి కాబట్టి వాటి ముందు కాలిబాట పొడవునా పాత పుస్తకాలు పరిచేవారు. పోటీ పరీక్షల గైడ్లు, అట్టలు ఊడిన డిటెక్టివ్ నవలలు, మాస్కోలో అచ్చయిన తెలుగు అనువాదాలు, ఎవరో ఇల్లు ఖాళీ చేస్తూ తూకానికి అమ్మేసిన ఇంగ్లీషు పుస్తకాలు. 1980ల చివర్లో అలాంటి ఒక గుట్టలో, పురికొసతో కట్టిన రెండు లావుపాటి పుస్తకాలు కనిపించాయి. జె.ఆర్.ఆర్. టోల్కీన్ రాసిన ‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ మొదటి, రెండో సంపుటాలు. మూడోది ఏదని అడిగితే, “కథ రెండింటిలోనే అయిపోతుంది సార్” అన్నాడు అమ్మే అతను. లోపలి పేజీలో మూడు సంపుటాల పేర్లూ ఉన్నాయని చూపించాను. ఆ పేజీని కాసేపు తీక్షణంగా చూసి, “అది అచ్చు తప్పు” అన్నాడు. అంత ధైర్యంగా అబద్ధమాడగల మనిషితో బేరమాడబుద్ధి కాలేదు.

మొదటి సంపుటం నన్ను వెంటనే లోపలికి రానివ్వలేదు. ముందు హాబిట్లు అనే పొట్టివాళ్ళ గురించి, వాళ్ళ ఇళ్ళ గురించి, చివరికి వాళ్ళు పీల్చే పొగాకు గురించి కూడా ఒక సుదీర్ఘమైన ఉపోద్ఘాతం. తరువాత బిల్బో అనే పెద్దాయన 111వ పుట్టినరోజు విందు. ఆ రాత్రే ఉంగరం అతని వారసుడు ఫ్రోడోకి దక్కుతుంది. ఇక కథ పరుగెడుతుంది కాబోలు అనుకుంటే, 17 ఏళ్ళు గడిచిపోతాయి. అది ఎలాంటి ఉంగరమో గాండాల్ఫ్ అనే మాంత్రికుడు తేల్చుకుని వచ్చి చెప్పిన తరువాత కూడా ఫ్రోడో వసంతం నుంచి శరత్తు దాకా ఆగి, ఇల్లు అమ్మి, సామాను సర్దుకుని, తన 50వ పుట్టినరోజు చేసుకుని మరీ గడప దాటతాడు.

నేను చందమామ సీరియళ్ళ మీద పెరిగినవాణ్ణి. అక్కడ రెండో పేజీకే యువకుడు అడవిలో ఉంటాడు, నాలుగో పేజీకి ఏ భల్లూకమో మాంత్రికుడో ఎదురవుతాడు, ఆరో పేజీకి కొండ అంచున వేలాడుతూ ఉంటాడు. కింద ‘ఇంకా ఉంది’ అని ఉంటుంది. ఆ సీరియళ్ళ మీద రాసినవారి పేరు ఉండేది కాదు. అవన్నీ దాసరి సుబ్రహ్మణ్యం గారు రాశారని మాలాంటి వాళ్ళకు ఎంతో ఆలస్యంగా తెలిసింది. ఆయన ‘తోకచుక్క’ చందమామలో మొదలైంది 1954లో. టోల్కీన్ మొదటి సంపుటం లండన్‌లో వెలువడిందీ ఆ ఏడాది జులైలోనే. ఒకరి గురించి మరొకరికి తెలిసే అవకాశమే లేదు. అయినా ఈ రెండు పేర్లూ నా తలలో పక్కపక్కనే ఉంటాయి. యాభై ఏళ్ళ పొట్టివాణ్ణి, అదీ వెళ్ళనంటూ వెళ్ళేవాణ్ణి కథానాయకుడిగా ఒప్పుకోవడం నాకు కష్టమైందంటే, ఆ నేరం చందమామదే.

అయినా వదల్లేదు. నల్లగుర్రాల మీద వచ్చేవాళ్ళు వాసన పట్టి వెతకడం మొదలుపెట్టాక ఇక వదలడం నా చేతిలో లేదు.

ఆ వేసవిలో ఆ రెండు పుస్తకాలూ తణుకు దగ్గర మా ఊరికి తీసుకువెళ్ళాను. రాత్రి భోజనాల వేళకు కరెంటు పోయేది. పిల్లలందరం డాబా మీదకు చేరేవాళ్ళం. పెదనాన్నగారి ఇద్దరు అబ్బాయిలు, వాళ్ళ చెల్లి, పక్కింటి పిల్లలు. ఏదైనా కథ చెప్పమని వాళ్ళు గొడవ చేస్తే, నేను ఈ కథ అందుకున్నాను. మొదటి రాత్రి ఉంగరం సంగతి ఎలా చెప్పాలో తెలియలేదు. మోర్డోర్ అనే దేశంలో సౌరాన్ అనే చీకటి ప్రభువు, ఆ ఉంగరంలో తన శక్తిని చాలా భాగం దాచుకున్నాడు, అది కరిగితే తప్ప అతను పోడు... అని నేను నీళ్ళు నములుతుంటే, చెల్లి, అప్పటికి దానికి పదేళ్ళు ఉంటాయేమో, “మాయలఫకీరు ప్రాణం చిలకలో ఉన్నట్టేగా అన్నయ్యా?” అంది. టోల్కీన్ ఒక పూర్తి అధ్యాయం ఖర్చు పెట్టిన విషయం అలా ఒక్క మాటలో అయిపోయింది. మా పెద్ద తమ్ముడికి మాత్రం ఒక సందేహం మిగిలింది. “మనవాళ్ళు చిలక కోసం ఏడు సముద్రాలు దాటి వెళ్తారు. వీళ్ళ దగ్గర చిలక ఇంట్లోనే ఉంది కదా, గొంతు నులిమేస్తే పోదా?” పోదు, దాన్ని పుట్టిన అగ్నిపర్వతంలోనే పడేయాలి. అక్కడికి వెళ్ళాలంటే శత్రువు పెరట్లోకి వెళ్ళాలి. తెచ్చుకోవడానికి కాదు, వదిలించుకోవడానికి చేసే ప్రయాణం. ఇలాంటి కథ మేము అంతకుముందు వినలేదు.

నోటితో చెప్తే ఏ నవలకైనా బండారం బయటపడుతుంది. ఈ నవలలో నిలిచినవీ రాలిపోయినవీ నాకు ఆ డాబా మీదే తెలిశాయి. పాటలు రాలిపోయాయి. పుస్తకంలో ఎవరు ఎక్కడ కూర్చున్నా ఒక పాట ఎత్తుకుంటారు, నేను “అప్పుడు ఒక పాట పాడారు” అని దాటేసేవాణ్ణి. కొండల వంపులు, చెట్ల పేర్లు చాలా మటుకు పోయాయి. టామ్ బాంబడిల్ వచ్చిన రాత్రి సగం మంది నిద్రపోయారు. పసుపు బూట్లు వేసుకుని గంతులేస్తూ పాడే ఆ అడవి పెద్దమనిషి మీద ఉంగరం పనిచేయదు, అయినా కథకు అతని వల్ల ఒరిగేదీ పెద్దగా లేదు. టోల్కీన్ పిల్లల దగ్గర ఉన్న ఒక డచ్చి బొమ్మలోంచి పుట్టాడతను. ఈ నవలకు చాలా ముందే, 1934లో, అతని మీద ఒక పద్యం కూడా అచ్చయింది. ఇంట్లో పిల్లలకు ఇష్టమైన బొమ్మను తండ్రి ఎలాగో ఒకలా పెద్ద కథలోకి దూర్చాడని నా అనుమానం. దీనికి వేదాంతార్థాలు చెప్పేవాళ్ళున్నారు. మా పక్కింటి పిల్లవాడు గురక పెట్టాడు.

మోరియా గనుల రాత్రి మాత్రం ఎవరూ కదల్లేదు. పాడుబడిన ఆ పాతాళ నగరంలో, దూరం నుంచి వినిపించే డప్పుల చప్పుడు నేను డాబా పిట్టగోడ మీద అరచేత్తో కొట్టి వినిపించాను. వంతెన మీద గాండాల్ఫ్ పడిపోయినప్పుడు చిన్న తమ్ముడు నా చేతిలోంచి పుస్తకం లాక్కుని, అట్ట మూసేసి, కిందికి వెళ్ళిపోయాడు. మర్నాడు పొద్దున్న పళ్ళు తోముకుంటూ, “ఆయన నిజంగా పోలేదు కదూ?” అని అడిగాడు. నేను చెప్పలేదు. చందమామ నేర్పిన విద్య ఊరికే పోతుందా!

పెదనాన్న సంగతి చెప్పాలి. ఆయన మిలిటరీలో పనిచేసి హవల్దారుగా దిగిపోయారు. 1971 యుద్ధంలో తూర్పు సరిహద్దున ఉన్నారని మాకు తెలుసు, అంతకుమించి తెలియదు. ఒక చెవి సరిగ్గా వినిపించేది కాదు. యుద్ధం కబుర్లు చెప్పమని అడిగితే, “ఏముందిరా, నడవడమే” అనేవారు. డాబా మీద ఒక మూల నవారు మంచం వాల్చుకుని, ట్రాన్సిస్టర్ చెవి దగ్గర పెట్టుకుని పడుకునేవారు. మా కథ వింటున్నారని మేమెవరమూ అనుకోలేదు.

రెండో సంపుటంలో ఫ్రోడో, అతని తోటమాలి శామ్, ఒకప్పుడు ఉంగరం తన దగ్గరే ఉండి, ఇంకా దాని మీద ఆశ చావక వాళ్ళకు దారి చూపించే గొల్లం అనే జీవి కలిసి ఒక చిత్తడి నేల దాటతారు. ఎప్పుడో జరిగిన యుద్ధంలో చనిపోయినవాళ్ళ మొహాలు ఆ నీళ్ళ కింద కనిపిస్తూ ఉంటాయి. నేను పిల్లల్ని భయపెట్టే ఉత్సాహంలో గొంతు తగ్గించి చెప్తున్నాను. మూల నుంచి వార్తలు ఆగిపోయాయి.

“రాసినవాడు మిలిటరీలో పనిచేశాడా?”

“లేదు పెదనాన్నా, ఆక్స్‌ఫర్డ్‌లో ప్రొఫెసరు. పాత ఇంగ్లీషు చెప్పేవారట.”

“అంతకుముందు?”

“తెలియదండీ.”

“కనుక్కో” అని ట్రాన్సిస్టర్ మళ్ళీ పెట్టుకున్నారు. ఆ తరువాత రాత్రుల్లో దాని గొంతు బాగా తగ్గింది. శామ్ గురించి ఒకసారి మాత్రం మాట్లాడారు. వంట గిన్నెలు మోసుకుంటూ, తను తినకుండా యజమానికి పెడుతూ, అతను పడుకుంటే కాపలా కాస్తూ ఉండే శామ్ గురించి చెప్తుంటే, “వాడు సహాయక్ రా. ఆఫీసరు పక్కన ఉంటాడే, సహాయక్. అలాంటివాళ్ళను చూశాను” అన్నారు.

రెండో సంపుటం ఎలా ముగుస్తుందో చదివినవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. షెలోబ్ అనే రాక్షస సాలీడు ఫ్రోడోని కుడుతుంది. చనిపోయాడనుకుని శామ్ ఉంగరం తీసుకుంటాడు. తీరా అతను బతికే ఉన్నాడని తెలిసేసరికి శత్రువులు అతన్ని కోటలోకి ఎత్తుకుపోతారు, శామ్ మొహం మీదే తలుపులు మూసుకుంటాయి. అంతే, పుస్తకం అయిపోయింది. నా దగ్గర మూడోది లేదు. ఆ సంగతి చెప్పిన రాత్రి డాబా మీద జరిగింది తిరుగుబాటే. పెద్ద తమ్ముడు నేను దాచానని అనుమానించి నా పెట్టె వెతికాడు.

ఈ శిక్ష మొదట పడింది బ్రిటన్ పాఠకులకే. టోల్కీన్ దీన్ని ఒకే నవలగా రాశారు. రెండో ప్రపంచ యుద్ధం తరువాతి రోజుల్లో కాగితం ధరలు మండిపోతుంటే, ప్రచురణకర్తలు అంత లావు పుస్తకం ఒకేసారి వేసి మునిగిపోతామేమోనని మూడు ముక్కలు చేశారు. అసలు పోతే వెయ్యి పౌన్లు పోతాయని లెక్క కట్టుకుని మరీ దిగారు. రెండో సంపుటం 1954 నవంబరులో వచ్చింది. మూడోది 1955 అక్టోబరు దాకా రాలేదు, ఎందుకంటే టోల్కీన్ వంశవృక్షాలు, పంచాంగాలు, లిపుల పట్టికలు ఉన్న అనుబంధాలను చెక్కుతూ కూర్చున్నారు. దాదాపు ఏడాది పాటు జనం ఆ మూసిన తలుపు ముందే నిలబడ్డారు. మా తమ్ముళ్ళూ అంతే, మళ్ళీ వేసవి సెలవుల దాకా.

ఈలోగా యూనివర్సిటీ లైబ్రరీలో మూడో సంపుటం దొరికింది. పక్క అరలోనే టోల్కీన్ జీవితచరిత్ర ఉంది. పెదనాన్న మాట గుర్తొచ్చి అదీ తెచ్చుకున్నాను. 1916లో, ఇరవై నాలుగేళ్ళ వయసులో, ఆయన మొదటి ప్రపంచ యుద్ధంలో, ఫ్రాన్స్‌లో జరిగిన సోమ్ పోరులో ఉన్నారు. లాంకషైర్ ఫ్యూజిలియర్స్ పటాలంలో సిగ్నల్స్ ఆఫీసరు. కందకాల్లో పేల వల్ల వచ్చే జ్వరం పట్టుకుని నవంబరులో ఇంటికి చేరారు. బడిలో కలిసి చదువుకున్న ప్రాణస్నేహితులు ముగ్గురిలో ఇద్దరు ఆ ఏడాదే పోయారు. ఆ చిత్తడి నేల వర్ణనలో సోమ్ తరువాతి ఉత్తర ఫ్రాన్స్ కొంత ఉందని ఆయనే ఒక ఉత్తరంలో రాశారు. శామ్‌లో ఉన్నది తాను 1914 యుద్ధంలో చూసిన మామూలు సిపాయిలూ, ఆఫీసర్ల వెంట ఉండే సహాయకులేనని, వాళ్ళు తన కంటే ఎంతో గొప్పవాళ్ళని కూడా అన్నారు.

వేసవిలో ఊరికి వెళ్ళగానే ఇవన్నీ పెదనాన్నకు చెప్పాను. ఆయన ఆశ్చర్యపోలేదు. “సిగ్నల్సా? వాళ్ళు కాస్త చదువుకున్నవాళ్ళేలే” అన్నారు.

మూడో సంపుటం చెప్పిన రాత్రుల్లో యుద్ధాలు, కోట ముట్టడులు, ఏనుగులు, రోహన్ అనే దేశపు గుర్రపు దళం చేసిన దాడి అన్నీ బాగానే సాగాయి. అసలు గొడవ అగ్నిపర్వతం దగ్గర వచ్చింది. అంత దూరం పాక్కుంటూ వెళ్ళిన ఫ్రోడో, చివరి క్షణంలో ఉంగరం పడేయనని, అది తనదేనని వేలికి పెట్టుకుంటాడు. గొల్లం మీద పడి ఆ వేలు కొరికేసి, ఉంగరంతో సహా లోయలోకి జారిపోతాడు. లోకం అలా గట్టెక్కుతుంది. “మోసం!” అన్నారు తమ్ముళ్ళు ఒకే గొంతుతో. అన్ని రాత్రులు మేలుకుని విన్నది దీని కోసమా? చెల్లి మాత్రం కాసేపు ఆలోచించి, “మరి ఆ గొల్లంని ముందే చంపేసి ఉంటే?” అంది. బిల్బో ఒకసారి చంపగలిగీ జాలిపడి వదిలేశాడు, తరువాత ఫ్రోడో, ఆఖరికి శామ్ కూడా. ఆ జాలే పని పూర్తి చేసింది, వీరత్వం కాదు. ఇంత పెద్ద కథను నడిపి, ఆఖరి మెట్టు మీద నాయకుణ్ణి ఓడించే ధైర్యం ఎంతమంది రచయితలకు ఉంటుంది?

పిల్లలు అక్కడితో లేచిపోబోయారు. గెలిచారు, దుష్టుడు పోయాడు, రాజ్యానికి అసలు వారసుడైన ఆరగోర్న్‌కి పట్టాభిషేకం, శుభం. మంచం మీంచి పెదనాన్న అడిగారు, “ఇంకా ఎన్ని పేజీలున్నాయి?” వేళ్ళ మధ్య పట్టుకుని మందం చూపించాను. “అయితే చెప్పు.”

నా అభిప్రాయంలో నవల ఆ మందంలోనే ఉంది. నలుగురు హాబిట్లు ఇంటికి వస్తారు. తీరా చూస్తే ఊరు దుండగుల చేతిలో ఉంటుంది. చెట్లు నరికేశారు, పాత మిల్లు కూలగొట్టి పొగ కక్కేది కట్టారు, ధాన్యం లెక్కగట్టి పట్టుకుపోతున్నారు, అడుగడుగునా నియమాల బోర్డులు. మా పిల్లలకు అన్ని యుద్ధాల కంటే ఈ ఊరి తగాదాయే నచ్చింది. చిన్న తమ్ముడు మా కాలవ గట్టును, చెరువును ఆ కథలోకి తెచ్చేసి ఎవరెవరు ఎక్కడ మాటువేయాలో చెప్పడం మొదలుపెట్టాడు. ఆ పోరాటంలో ఫ్రోడో కత్తి దూయడు. లొంగిపోయినవాళ్ళను మనవాళ్ళు కోపంలో చంపకుండా ఆపడమే అతని పని. చెట్లు మళ్ళీ నాటేది శామ్, పెళ్ళి చేసుకుని పిల్లల్ని కనేది శామ్. ఫ్రోడోకి మాత్రం అక్టోబరులో కత్తిపోటు తగిలిన రోజునా, మార్చిలో సాలీడు కుట్టిన రోజునా ఒంట్లో బాగుండదు. ఎవరికీ చెప్పడు. ఊళ్ళో అతన్ని పెద్దగా పట్టించుకునేవారూ ఉండరు.

“అతనికి నిద్ర పట్టేదా?” అన్నారు పెదనాన్న.

పుస్తకంలో వెతికాను. జబ్బుపడ్డాడని ఉంది, పోయిన ఉంగరం కోసం మెడలోని తెల్లమణిని పట్టుకుని మగతలో మాట్లాడాడని ఉంది. అదే చదివి తెలుగులో చెప్పాను. ఆయన ఇంకేమీ అడగలేదు. ఆఖరికి ఫ్రోడో ఓడ ఎక్కి వెళ్ళిపోయినప్పుడు తమ్ముళ్ళు మళ్ళీ అలిగారు. పెదనాన్న మాత్రం, “వెళ్ళనీ” అన్నారు.

భారతంలో పద్దెనిమిది పర్వాలుంటే యుద్ధం పదో పర్వంతో ముగిసిపోతుంది. మిగిలినదంతా తరువాతి కథే. చివరికి గాండీవం ఎక్కుపెట్టలేక, దారిదోపిడీగాళ్ళ ముందు అర్జునుడు చేతకానివాడై నిలబడే మౌసల పర్వం ఉంది. గెలుపు తరువాత ఏమవుతుందో మన పెద్దలకు తెలియని విషయం కాదు. దాన్ని మరిపించింది ‘శుభం’ కార్డు వేసే సినిమాలూ, మా చందమామ సీరియళ్ళూ. అందుకే ఈ నవలను పిల్లల కథ పెద్దదైపోయిందని కొట్టిపారేసేవాళ్ళతో నాకు పేచీ. 1956లోనే ఎడ్మండ్ విల్సన్ అనే పేరున్న అమెరికన్ విమర్శకుడు ఆ పని చేశాడు. ఆడెన్ లాంటి పేరున్న ఇంగ్లీషు కవి ఆకాశానికెత్తాడు. ఈ నవల మీద వచ్చిన విమర్శల్లో ఒకటి నేనూ ఒప్పుకుంటాను. శత్రుసేనలోని ఓర్క్‌లు మరీ ఏకరంగులో ఉంటారు. పుట్టుకతోనే చెడ్డవాళ్ళయిన ఒక జాతి అన్న ఊహ నాకు అప్పుడూ మింగుడుపడలేదు, ఇప్పుడూ పడదు. గొల్లంలో రెండు మనసుల్ని అంత నేర్పుగా చూపించిన రచయిత, ఆ లక్షలమందిలో ఒక్కడికైనా రెండో మనసు ఇవ్వకపోవడం లోపమే. పాటల సంగతి ముందే చెప్పాను.

పీటర్ జాక్సన్ సినిమాలు 2001 నుంచి 2003 దాకా వచ్చాయి. అప్పటికి పెదనాన్న లేరు. మూడోదానికి 11 ఆస్కార్లు వచ్చాయి, బాగానే తీశారు, మోరియా నా పిట్టగోడ డప్పుల కంటే బాగుంది. కానీ ఊరి తగాదా మొత్తం ఎత్తేశారు. హాబిట్లు తిరిగి వచ్చేసరికి ఊరు చెక్కుచెదరకుండా ఉంటుంది. చిన్న తమ్ముడు ఆ రాత్రి ఫోను చేసి, దర్శకుణ్ణి నేనే పంపించినట్టు, “మన కాలవ గట్టు యుద్ధం ఏదిరా?” అని అరిచాడు.

చెల్లి పేచీ వేరు, ఇప్పటికీ తేలలేదు. మగవేషంలో యుద్ధానికి వెళ్ళి, ఏ మగవాడి చేతిలోనూ చావని నల్లదొరను పడగొట్టిన ఎయోవిన్ దానికి చిన్నప్పటి నుంచీ ప్రాణం. మొన్న సంక్రాంతికి కలిసినప్పుడు మళ్ళీ మొదలుపెట్టింది. “అంతటిదాన్ని ఆసుపత్రిలో ఉండగానే పెళ్ళికి ఒప్పించి, కత్తి పక్కన పెట్టించేశాడు మీ ప్రొఫెసరు.” ఆమెను పెళ్ళాడిన ఫరామిర్ కూడా గాయపడినవాడే కదా, ఇద్దరూ యుద్ధం చాలనుకున్నారు, అది ఓటమి కాదు అన్నాను. “ఆరగోర్న్ చాలనుకున్నాడా? అతనికి సింహాసనం ఇచ్చాడుగా” అంది. నేను అనుబంధాలను ఆశ్రయించాను. తరువాతి కాలంలో రోహన్ ప్రజలు ఆమెను ‘డాలు పట్టిన చేతి దొరసాని’ అని గౌరవంగా పిలుచుకున్నారని అక్కడ ఉంది.

“చదివానులే అన్నయ్యా. బిరుదు ఇచ్చి సరిపెట్టాడు.”